ఫ్రెంచి భాషలోని నిర్దేశక పదములు: యానాం తెలుగు విద్యార్థి దృష్టిలో

ఒక వస్తువును గాని, ఒక వ్యక్తిని గాని, ఒక కాలమును గాని తక్కిన వానినుండి వేరుపరచి, ఎదుట నిలిపి చూపునట్టి పదములకు వ్యాకరణమున నిర్దేశకములని పేరు. అవి నామమునకు ముందు నిలిచి దానిని విశేషించునప్పుడు నిర్దేశక విశేషణములనియు, నామము తొలగగా దాని స్థానమున తామే నిలుచునప్పుడు నిర్దేశక సర్వనామములనియు వ్యవహరింపబడును. 'ఈ తోట' అన్నప్పటి 'ఈ' మొదటి తెగకును, 'ఇది మాది' అన్నప్పటి 'ఇది' రెండవ తెగకును చెందును. ఫ్రెంచి భాషలో మొదటి తెగకు నాలుగు రూపములు కలవు: పుంలింగైకవచనమున 'స', అచ్చు పరమైనప్పుడు అదియే 'సెత్', స్త్రీలింగైకవచనమున మరియొక 'సెత్', ఉభయలింగ బహువచనమున 'సే'. రెండవ తెగలో 'సలుయి', 'సెల్', 'సొ', 'సెల్' అను సలింగములు నాలుగును, 'స', 'ససి', 'సలా', 'సా' అను లింగరహితములు నాలుగును కలవు. అన్నియు కలిపినను పండ్రెండే యైనను, ఫ్రెంచి నేర్చు తెలుగువాడు చిరకాలము తడబడునది వీనియొద్దనే. అందుకు కారణము వాని సంఖ్య కాదు. తెలుగు నిర్దేశకము మొట్టమొదట దూరమును అడుగును; ఫ్రెంచి నిర్దేశకము మొట్టమొదట లింగమును అడుగును. ఈ యొక్క భేదమును గ్రహించిన విద్యార్థికి తక్కినదానిలో సగము తన యింటి వ్యాకరణములోనే సిద్ధముగా నున్నది.

తెలుగు నేలపై ఈ విషయమును పరిశీలించుటకు యానాముకంటె తగిన తావు లేదు. గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలుచోట నున్న ఈ పట్టణమున 1723లో ఫ్రెంచివారు వర్తకస్థానమును నెలకొల్పిరి. నడుమ ఇంగ్లీషువారు పలుమారు దానిని ఆక్రమించినను, 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశమునకు అప్పగింపబడు వరకును అది పాండిచ్చేరినుండి పాలింపబడిన ఫ్రెంచి స్థావరములలో ఒకటిగా నుండెను. 1956 మే 28న కుదిరిన అప్పగింత సంధి 1962 ఆగస్టు 16న పూర్తిగా అమలులోనికి వచ్చినది. ఆ సంధిలోని 28వ అధికరణము, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయింపనంతకాలము ఫ్రెంచియే ఈ స్థావరముల అధికార భాషగా కొనసాగునని చెప్పుచున్నది. అధికార భాష ఫ్రెంచి యైనను, ఇంటను వీధిని మడిలోను పడవమీదను మాటలాడినది తెలుగే. అగ్రహారం, ఫరంపేట, కనకాలపేట, మెట్టకూరు మొదలగు పల్లెల కుటుంబముల జనన వివాహ మరణములు ఫ్రెంచి చట్టము చొప్పున రిజిస్టర్లకు ఎక్కుచుండెను. సంధి అమలైన పిదప ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొన గోరినవారికి ఆరు నెలల గడువు కూడ ఈయబడినది. కనుక యానాం వాసికి ఫ్రెంచి వ్యాకరణము పరీక్షకొరకు చదువు పాఠము మాత్రమే కాదు. తాతల కాగితములను చదువుటకు తాళపుచెవి.

ఇందు ఫ్రెంచి పదములు తెలుగు లిపిలోనే వ్రాయబడినవి. 'స' అను పదములోని అకారమును పెదవులు కొంచెము గుండ్రముగా చేసి పలుకవలెను. 'సొ' లోని ఒకారమును నాలుక ముందునకు తెచ్చి పలుకవలెను. ఫ్రెంచి తకార దకారములు మన త, ద లవలె దంత్యములే గాన ఇంగ్లీషువారికంటె మనకు సులభములు. అనునాసికాచ్చులకు అరసున్న వాడబడినది. తెలుగున నేడు ఉచ్చారణ తప్పిపోయిన ఆ గుర్తు ఇచ్చట తన పూర్వపు పనిని తిరిగి చేయుచున్నది.

విశేషణ రూపములు

తెలుగులోని ఆ, ఈ, ఏ అను మూడు సర్వనామములను చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున త్రికమను పేరుతో ఒక్కచోట చేర్చినాడు. ఈ త్రికమునకు లింగవచనములతో నిమిత్తము లేదు. ఈ కొడుకు, ఈ కూతురు, ఈ కొడుకులు, ఈ యిండ్లు అని యెచ్చటనైనను ఈ-కారము ఈ-కారముగానే నిలుచును. మారునదెల్ల దూరసామీప్యమే: దగ్గరిదైన ఈ, దూరపుదైన ఆ. ఈ యభ్యాసముతో ఫ్రెంచిలోనికి పోయిన విద్యార్థి సహజముగా 'ఈ'కి ఒక పదమును, 'ఆ'కి ఒక పదమును వెదకును, దొరకవు. 'స ఫ్లోవ్' అన్నచో ఈ నది యనియు కావచ్చును, ఆ నది యనియు కావచ్చును. నది యెంత దూరమున నున్నదో ఆ పదము చెప్పదు. ఫ్లోవ్ అను మాట పుంలింగమని మాత్రము తప్పక చెప్పును.

ఇచ్చట లింగము వస్తువునకు కాక మాటకు చెందినదని గుర్తింపవలెను. ఫ్రెంచిలో సముద్రమున కలియు నది 'ఫ్లోవ్', పుంలింగము. మరియొక నదిలో కలియు నది 'రివియేర్', స్త్రీలింగము. కనుక మనము తల్లియని మ్రొక్కు గోదావరి సాగరసంగమము గల నది యగుటచే 'స ఫ్లోవ్' అనియు, దానిలో కలియు శబరి 'సెత్ రివియేర్' అనియు చెప్పబడును. ఇంకను దగ్గరి యుదాహరణము కావలెనన్న, యానాంలోని మీసాల వేంకన్న కోవెలను చూపి 'స తాఁప్ల్' అనవచ్చును, ఫ్రెంచివారు ఈ దేశపు దేవాలయములకు పూర్వము వాడిన మాట చొప్పున 'సెత్ పగోద్' అనియు అనవచ్చును. కోవెల ఒక్కటే; తాఁప్ల్ పుంలింగ పదము, పగోద్ స్త్రీలింగ పదము; నిర్దేశకము మాటను అనుసరించినదే కాని రాతికట్టడమును అనుసరింపలేదు.

తెలుగు త్రికము మాత్రమే ఎరిగినవానికి ఇది వింతగా తోచును గాని, అగ్రహారమను పేరే సూచించునట్టి సంస్కృత విద్యాసంప్రదాయమున శబ్దమంజరి వల్లించినవారికి తోపదు. సంస్కృతమున తచ్ఛబ్దము విశేష్యము యొక్క లింగ వచన విభక్తులను పొందును: స బాలః, సా బాలా, తత్ ఫలమ్. దారశబ్దము భార్యను చెప్పుచును పుంలింగమై, కళత్రశబ్దము నపుంసకమై యుండుటను అంగీకరించిన బుద్ధికి, ఇల్లు అను అర్థము గల 'మెజోఁ' స్త్రీలింగమగుటయు, చెట్టు అను అర్థము గల 'ఆర్బ్ర్' పుంలింగమగుటయు కష్టముగా నుండవు. ఫ్రెంచి విభక్తులను విడిచినది. నపుంసకమును నామములలో విడిచినది. లింగవచనములను మాత్రము గట్టిగా పట్టుకొన్నది. తెలుగు విద్యార్థి ఈ విశేషణములయెడ తన తెలుగును కాక తన సంస్కృతమును సాయమునకు పిలుచుకొనుట మేలు.

బహువచనమున లింగభేదము మాయమగును. 'సే తాఁప్ల్', 'సే మెజోఁ' అని రెంటికిని 'సే' యే. ఇది తెలుగువాడికి విశ్రాంతి వంటిది. కాని వెనువెంటనే అచ్చు వచ్చినచో 'సే' చివర వ్రాతలో నిదురించు హల్లు మేల్కొని, మన దంత్య జకారమునకు దగ్గరి ధ్వనియై, 'సే జామి' (ఈ మిత్రులు), 'సే జార్బ్ర్' (ఈ చెట్లు) అని వినబడును.

అచ్చు పరమైనప్పుడు

పుంలింగ నామము అచ్చుతో మొదలైనచో 'స' అను రూపము 'సెత్' అగును: స జార్దెఁ (ఈ తోట), కాని సెత్ ఆర్బ్ర్ (ఈ చెట్టు), సెత్ ఆఁఫాఁ (ఈ పిల్లవాడు). అచ్చులు రెండు తాకుకొనుటను సహింపని భాషలు లోకమున పెక్కు కలవు, వానిలో తెలుగొకటి. మనము 'ఆ యిల్లు' అని యడాగమముతో పలుకుదుము. చిగురు, ఆకు కలిసినప్పుడు టుగాగమముతో చిగురుటాకు అందుము. 'సెత్ ఆర్బ్ర్' లోని తకారమును టుగాగమము వంటిదిగా భావించిన విద్యార్థి ప్రయోగమున తప్పడు. అయితే చరిత్ర వేరు. ఆ తకారము నడుమ వచ్చి చేరినది కాదు. మూలమున ఉండి, హల్లులకు ముందు రాలిపోయి, అచ్చులకు ముందు నిలిచినది. దీనికి సాటి సంస్కృతమున కలదు. 'బాలో గచ్ఛతి' యని ఇతర నామములు ప్రత్యయపు జాడను నిలుపుకొనుచోట, తదేతచ్ఛబ్దములు మాత్రము హల్లు పరమైనప్పుడు దానిని పూర్తిగా కోల్పోయి 'స గచ్ఛతి', 'ఏష గచ్ఛతి' అగునని పాణిని విధించెను. నిత్యము వాడబడు చిన్న మాట హల్లు ముందు తన తుదిని కోల్పోవుట రెండు చోట్లను ఒక్కటే. సంస్కృతపు 'స', ఫ్రెంచి 'స' ఒకే తీరున వినబడుట మాత్రము యాదృచ్ఛికము. వాని పుట్టుకలు వేరు.

విధిని నిర్ణయించునది నామము కాదు, నిర్దేశకమును వెన్నంటి వచ్చు మాట. చెట్టు 'సెత్ ఆర్బ్ర్' అయినను, చిన్న చెట్టు 'స పతి తార్బ్ర్' అగును; ఏలయన 'పతి' హల్లుతో మొదలగుచున్నది. ఇట్లే 'స తాఁప్ల్' అను కోవెల ప్రాచీనమైనచో 'సెత్ ఆఁస్యెఁ తాఁప్ల్' అగును.

హకారము విషయమున ప్రత్యేక జాగ్రత్త కావలెను. ఫ్రెంచిలో హకారము పలుకబడదు. అయినను కొన్ని మాటలలో అది లేనట్లే లెక్కింపబడి 'సెత్ ఓమ్' (ఈ మనుష్యుడు), 'సెత్ ఒపితాల్' (ఈ ఆసుపత్రి) అగును. మరికొన్నింట వినబడకయే గోడవలె నిలిచి 'స ఎరో' (ఈ వీరుడు), 'స ఆరికో' (ఈ చిక్కుడు) అని అచ్చులను కలియనీయదు. బహువచనమునను ఈ గోడ నిలుచును. 'సే ఎరో' అనవలసినచోట జకారము చేర్చి పలికినచో వీరులు పోయి సున్నలు మిగులును, ఏలయన 'జెరో' యనగా సున్న. ఏ మాట ఏ తెగదో నిఘంటువు చూచి జ్ఞాపకముంచుకొనుట తప్ప వేరు సూత్రము లేదు.

స్త్రీలింగమున 'సెత్' ఎల్లప్పుడును సెత్తే: సెత్ మెజోఁ, సెత్ ఎకోల్ (ఈ బడి), సెత్ ఎగ్లీజ్ (ఈ చర్చి). 'నా' అను అర్థమున స్త్రీలింగ విశేషణము అచ్చు ముందు పుంలింగ రూపమును ధరించి 'మోఁ నెకోల్' అగుట చూచిన విద్యార్థి, నిర్దేశకమునకు కూడ అట్టి వేషము వేయబోయి, వ్రాతలో పుంలింగపు సెత్‌ను పెట్టును. చెవికి రెండును ఒక్కటే. కంటికి మాత్రము పుంలింగమున తకారాక్షరము ఒకటి, స్త్రీలింగమున రెండు, వానిపై పలుకబడని అచ్చు ఒకటి. యానాంలోని సెయింట్ ఆన్ చర్చిని గూర్చి వ్రాయువాడు రెండు తకారములను మరువరాదు.

దూరసామీప్యములు ఏమైనవి?

జనుల వాడుకలోని లాటినులో దగ్గరివానికి 'ఇస్తె', దూరపువానికి 'ఇల్లె' అను పదములుండెను. వానికి ముందు 'ఇదిగో' అను అర్థము గల 'ఎక్కె' చేరి, ప్రాచీన ఫ్రెంచిలో 'సిస్త్', 'సిల్' అను రెండు కుటుంబములు పుట్టినవి. అప్పుడు ఫ్రెంచికిని మన ఈ-ఆ భేదము వంటిది చక్కగా నుండెను. విశేషణములుగాను సర్వనామములుగాను ఆ రెండును వాడబడెను. కాలక్రమమున సిస్త్ కుటుంబము విశేషణములకును, సిల్ కుటుంబము సర్వనామములకును పంచుకొనబడి, నేటి సెత్, సలుయి లైనవి. లింగరహితమైన 'స' యొక్క మూలము 'ఎక్కె హోక్'. దూరభేదమునకై ఏర్పడిన జంట వ్యాకరణ కృత్యమును బట్టి విడిపోగా, దూరము చెప్పుటకు మాట లేకపోయినది. ఆ లోటును తీర్చుటకు 'ఇచ్చట' అను అర్థము గల 'ఇసి'నుండి 'సి'యును, 'అచ్చట' అను అర్థము గల 'లా'యును నామమునకు వెనుక తగిలింపబడినవి: స లీవ్ర్-సి (ఈ పుస్తకము), స లీవ్ర్-లా (ఆ పుస్తకము). భాషలు ఒక చేత పోగొట్టుకొన్నదానిని మరియొక చేత తెచ్చుకొనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు. సంస్కృతము దగ్గరిదానికి ఇదమ్, మరింత దగ్గరిదానికి ఏతత్, దూరపుదానికి అదస్, కంటికి కానరానిదానికి తత్ అని నాలుగు మెట్లు కట్టినది. తమిళము ప్రాచీన దశలో ఇ, అ లకు నడుమ ఉ-కారమును కూడ వాడినది. ఫ్రెంచి మాత్రము దూరమును అవసరమైనప్పుడే తీసి వాడు పనిముట్టుగా చేసికొన్నది.

తెలుగు విద్యార్థికి ఇచ్చటనే ముఖ్యమైన పొరపాటు కలుగును. ప్రతి 'ఈ'కి 'సి'ని, ప్రతి 'ఆ'కి 'లా'ను తగిలించుచు పోవును. వ్యాకరణదోషము కాకపోయినను అది ఫ్రెంచి వినికిడి కాదు. రెండు వస్తువులను ఎదురెదురుగా నిలిపి భేదము చెప్పవలసినప్పుడే ఆ తోకలు కావలెను. యానాంలో మంగళవారపు సంతలో రెండు మామిడిపండ్ల గంపలముందు నిలిచినవాడు 'ఈ పండ్లు కాదు, ఆ పండ్లు' అనవలసినచో 'పా సే మాఁగ్-సి, సే మాఁగ్-లా' అనుట యుక్తము. ఒక్క గంపయే యున్నప్పుడు 'సే మాఁగ్' చాలును. అంతేకాక నేటి వాడుకలో 'లా' దగ్గరివానికిని విరివిగా వ్యాపించి, 'సి' గ్రంథభాషకును, నిష్కృష్టమైన విరోధమునకును, కాలవాచకములకును పరిమితమగుచున్నది.

కాలము విషయమున భేదము ఇంకను సజీవముగా నున్నది. స మతెఁ (ఈ ఉదయము), సెత్ అనే (ఈ యేడు) అనునవి మాటలాడువాని వర్తమానమును చెప్పును. స మ్వా-సి (ఈ నెల), సే జూర్-సి (ఈ దినములలో) అనునవి దానిని గట్టిపరచును. స జూర్-లా (ఆనాడు), స మొమాఁ-లా (ఆ సమయము) అనునవి గతమునకో కథాకాలమునకో తీసికొనిపోవును. 1962 ఆగస్టు 16ను పేర్కొని 'ఆనాటినుండి' యనవలసినచో 'దప్యుయి స జూర్-లా' యనవలెను. 'సెత్ న్యుయి' అను మాట గడచిన రాత్రికిని రాబోవు రాత్రికిని చెల్లును. క్రియయొక్క కాలమే దానిని తేల్చును.

సర్వనామములు

విశేషణముల యెడ సంస్కృతము తోడ్పడినట్లే, సర్వనామముల యెడ తెలుగు తోడ్పడును. కాని మొదట ఒక చిక్కు తీరవలెను. తెలుగున 'అది' యను ఒక్క మాట అమహద్వాచకమై, ఏకవచనమున స్త్రీకిని చెల్లి, వాక్యార్థమునంతయు సూచింపగలిగి, మూడు పనులు చేయుచున్నది. ఫ్రెంచి ఈ మూడింటిని మూడు చోట్ల పెట్టినది. పేరు తెలిసిన వస్తువైనచో దాని లింగమును బట్టి 'సలుయి-లా' గాని 'సెల్-లా' గాని. పేరు పెట్టని వస్తువో, చెప్పిన సంగతియో అయినచో 'సలా' లేక 'సా'. ఏమిటో ఎవరో గుర్తించి చెప్పు వాక్యమైనచో 'సె' అను సంధిరూపము. 'అది నాకు నచ్చినది' అని అనువదింపబోవువాడు, అది యనగా ఇల్లా, పుస్తకమా, విన్న మాటా యని తన్ను తాను ముందుగా ప్రశ్నించుకొనక తప్పదు.

సలుయి, సెల్, సొ, సెల్ అను నాలుగింటికి ఒంటరిగా నిలుచు శక్తి లేదు. ఊత మూడు విధములు. మొదటిది పైన చెప్పిన సి, లా. రెండవది 'ద' యను సంబంధార్థకము: 'ఈ పొలము నాది కాదు, అన్నగారిది' అనుచోట 'అన్నగారిది' యనుటకు 'సలుయి ద మోఁ ఫ్రేర్' అందురు. మూడవది 'కి', 'క' మొదలగు అనుబంధ వాక్యము: 'వచ్చినవాడు' 'సలుయి కి ఎ వన్యు', 'వచ్చినది' 'సెల్ కి ఎ వన్యు', 'వచ్చినవారు' 'సొ కి సోఁ వన్యు'. తెలుగున క్రియాజన్య విశేషణమునకు వాడు, ది, వారు, వి అనునవి వెనుక చేరి ఎట్లు నామమగునో, అట్లే ఫ్రెంచిలో సలుయి మొదలగునవి వాక్యమునకు ముందు నిలిచి దానిని నామముగా చేయును. మన భాషలో వాడు తుదను, వారి భాషలో మొదటను, కూర్పు ఒక్కటే. 'అన్నగారిది' లోని 'ది' ఒంటరిగా నిలువనట్లు 'సలుయి' ఒంటరిగా నిలువదని చెప్పినచో, ఏ బోధకుడును పుటలకొలది వివరింపవలసిన పని లేదు. 'చెప్పినది' వంటి లింగము తెలియని యర్థమునకు మాత్రము 'స క' యని లింగరహిత రూపము: 'నీవు చెప్పినది నిజము' అనుటకు 'స క త్యు ది ఎ వ్రె'.

బహువచనమున పురుషులకును, స్త్రీపురుష సమూహమునకును 'సొ', కేవల స్త్రీలకు 'సెల్'. తెలుగు 'వారు' ఈ భేదమును పాటింపదు. గౌరవము విషయమున తారుమారు. వాడు, అతడు, ఆయన, వారు అని మనకున్న మెట్లు ఫ్రెంచి నిర్దేశకములకు లేవు. పైపెచ్చు ఎదుటనున్న మనుష్యుని 'సలుయి-లా' యని చూపుట 'వీడొకడు' అన్నంత చులకనగా వినబడును. ఆయన, ఆమె యని మన్నింపదలచినచో 'స మొస్యొ', 'సెత్ దామ్' అని నామమును చేర్చి చెప్పవలెను. పెద్దలయెడ మన్నన తప్పరాదని నేర్చిన తెలుగు పిల్లలకు దీనిని మొదటి పాఠములలోనే చెప్పుట అవసరము.

గ్రంథభాషలో సలుయి-సి, సలుయి-లా లకు మరియొక ప్రయోజనము కలదు. ముందు రెండు విషయములు చెప్పినప్పుడు, వెనుక చెప్పినది చేరువలో నున్నది గాన దానికి 'సి', ముందు చెప్పినది దూరమైనది గాన దానికి 'లా'. తమిళము, తెలుగు అను రెండు భాషలను పేర్కొని 'సలుయి-సి యానాంలో, సలుయి-లా పాండిచ్చేరిలో వ్యవహరింపబడును' అన్నచో, సలుయి-సి తెలుగు, సలుయి-లా తమిళము. వరుసను తలక్రిందులుగా గ్రహించి అర్థమును చెరుపుకొనువారు కలరు.

లింగరహితములలో 'ససి' రాబోవు మాటను, 'సలా' గడచిన మాటను సూచించుట నియమము. 'ఇది వినుడు', 'అది యట్లుండనిండు' అను మన నుడికారమునకు సరిపోవును. 'సా' యనునది 'సలా' యొక్క సంక్షిప్తరూపమై సంభాషణమునంతయు ఏలుచున్నది. 'సె' యనునది 'స' తోడను, 'అగును' అను క్రియతోడను కలిసిన వాక్యారంభము. తెలుగున 'ఆయన వైద్యుడు' అని క్రియ లేకయే వాక్యము పూర్తియగును గాన, విద్యార్థి ఫ్రెంచిలోను క్రియను జారవిడుచును. అంతేకాక వృత్తిమాత్రము చెప్పునప్పుడు 'ఇల్ ఎ మెద్సెఁ' యనియు, ఒకడు, మంచివాడు మొదలగు విశేషము చేరినప్పుడు 'సె తెఁ బోఁ మెద్సెఁ' యనియు రెండు తెరగులు కలవని తెలియవలెను.

వ్రాతలో అతికష్టము సమధ్వనులది. 'ఈ' యను అర్థపు బహువచన 'సే', 'తన' యను అర్థపు బహువచన 'సే', 'అది యగును' అను 'సె', ఆత్మనేపదము వంటి క్రియలోని 'సె', 'ఎరుగును' అను 'సె' ఒక్కటిగానో, మిక్కిలి దగ్గరగానో వినబడును. ఫ్రాన్సు దేశపు పిల్లలే చెప్పివ్రాయించునప్పుడు వీనిలో తప్పుదురు. మొదటి అక్షరము నిర్దేశకార్థమున 'సే' యను పేరుగల వర్ణము, 'తన' యను అర్థమున 'ఎస్' అను పేరుగల వర్ణము. వర్ణములకే నిర్దేశకమునకు దగ్గరి పేర్లుండుట జ్ఞాపకమునకు మేలైనది.

యానాం ప్రాంతపు తెలుగువారు ఫ్రెంచి నిర్దేశకములతో మరియొక తీరున, సముద్రమునకు ఆవల, పరిచయము పొందిరి. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి మారిషసు ద్వీపమునకు కూలికి పోయినవారిని అచ్చట కోరంగీలని పిలిచిరి. వారు వినినది పాఠశాలల ఫ్రెంచి కాదు; క్రియోలు. అందు 'సా లాకాజ్ లా' యనగా ఆ యిల్లు. స్త్రీకి 'సా మాదామ్ లా'. లింగము లేదు, సెత్ లేదు, బహువచనమునకు 'బాన్' అను మాట నడుమ చేరును. ఫ్రెంచి మూలములైన సా, లా లే మిగిలి, నిర్దేశకము లింగమును వదలి మన 'ఆ' వలె నిశ్చలమైనది. తెలుగువారికి అది ఎంత సులభముగా పట్టుబడియుండునో ఊహింపవచ్చును.

పత్రముల భాష

చివరగా యానాం వాసులకు మిక్కిలి దగ్గరి విషయము. ఫ్రెంచి నోటరీ దస్తావేజులలోను, న్యాయపత్రములలోను పైన చెప్పిన పండ్రెండును గాక తరచుగా కనబడు నిర్దేశకము మరియొకటి కలదు: 'లది', అనగా 'పైన చెప్పబడిన'. ఇది నామమునకు ముందు నిలిచి, లింగవచనములను బట్టి పుంలింగమున 'లది', స్త్రీలింగమున 'లాదిత్', బహువచనమున 'లేది', 'లేదిత్' అగును. మన దస్తావేజులలోని 'సదరు' అను మాటకు ఇది సరియైన జోడు: సదరు ఇల్లు 'లాదిత్ మెజోఁ', సదరు స్థలము 'లది తెరెఁ'. మన సదరు మారదు. వారి లది మారును. ఇంకను పాత పత్రములలో 'ఇసలుయి', 'ఇసెల్' అను ప్రాచీన సర్వనామములు, అనగా 'సదరువాడు', 'సదరుది' అను అర్థము గలవి, కనబడును. నేటి పాఠ్యపుస్తకములు వీనిని చెప్పవు. అట్టి పత్రములలో తెలుగు పేర్లు ఫ్రెంచి వర్ణక్రమమున నుండును; మన ఉకారము రెండు అచ్చుల జంటచే వ్రాయబడును, ఏలయన ఫ్రెంచివారి ఒంటి 'యు' వర్ణము మన ఉకారము కాదు. కనుక సుబ్బారావు, సుబ్రహ్మణ్యము వంటి పేర్లను ఆ పుటలలో వెదకువాడు ఈ జంటను ఎరిగియుండవలెను. పేరు పురుషునిదో స్త్రీదో సందేహమైనచో దాని ముందున్న 'లది', 'లాదిత్' అనునవియే తేల్చును. వ్యాకరణమున చిన్నదిగా తోచిన లింగానుసరణము ఇచ్చట వంశవృక్షమున ఒక కొమ్మను సరిదిద్దగలదు.

నేర్చుకొను క్రమమును గూర్చి ఒక మాట. ఫ్రెంచి నామమును దాని సామాన్య ఉపపదముతో వల్లించినచో అచ్చు ముందు లింగము దాగిపోవును. 'లెకోల్', 'లార్బ్ర్' అనునవి బడి స్త్రీలింగమో, చెట్టు పుంలింగమో చెప్పవు. సెత్ కూడ చెవికి చెప్పదు. 'ఒక' అను అర్థము గల 'ఎఁ', 'యున్' అనువానితో, 'ఎఁ నార్బ్ర్', 'యు నెకోల్' అని నేర్చినచో లింగము వినబడును. వినబడిన లింగము నిర్దేశకమును తానే ఎన్నుకొనును. యానాం ఇండ్లలో ఫ్రెంచి కాలపు పుట్టుక పత్రములు, పెండ్లి పత్రములు, భూమి దస్తావేజులు దాచుకొన్నవారు వానిని చెదలపాలు గానీయక, ఫ్రెంచి చదువుచున్న తమ పిల్లలచేత, ఒక్కొక్క సదరుకు లింగమును వచనమును అడుగుచు, బిగ్గరగా చదివింపవలెను.